ఏడో పెట్టె

రిఫైనరీలో అందరూ ఆమెను పొదుపమ్మ అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు. ఆవిడా కోపం లేకుండా పలుకుతుంది. చేరిన కొత్తలో ఎక్కడ ఖాళీ గదిలో లైటు వెలిగినా వెళ్లి ఆర్పేసేది. ఒకసారి అలాగే అన్నిటికన్నా పెద్ద గదిలో లైటు ఆర్పేసి తలుపు మూసిందట. లోపల చీకట్లోంచి రిఫైనరీ పెద్దాయన గొంతు వినిపించింది, "ఎవరమ్మా అది?" అని. "సారీ సార్, మీరు కదలకపోతే లేరనుకున్నాను" అందట. ఆ రోజునుంచి పేరు అతుక్కుపోయింది.

అలాంటి మనిషికి పొగ తగ్గించే పని అప్పజెప్పారు. అదేం పనో చెప్తాను, లెక్కలనగానే బెదిరిపోకండి. రిఫైనరీలో ముడి చమురును కాచే ఫర్నేసులు బోలెడుంటాయి. వాటిలో గ్యాసు మండించొచ్చు, లేదా అడుగున మిగిలిన నల్ల నూనె మండించొచ్చు. గ్యాసు శుభ్రమైనదే గానీ ఖరీదు. నల్ల నూనె చవకే గానీ దాని నిండా గంధకం, పొగ పీలిస్తే గొంతులో అగ్గిపుల్ల గీసినట్టుంటుంది. ఏ ఫర్నేసులో ఏది, ఎప్పుడు, ఎంత మండించాలన్నది అప్పటిదాకా షిఫ్టు వాళ్ల ఇష్టం. ఊళ్లో అక్కడక్కడా గాలిని కొలిచే పెట్టెలు ఆరున్నాయి. వాటిలో ఒక్కటి హద్దు దాటినా సైరన్లు, పేపర్లో ఫొటోలు, పెద్దాయనకు తలనొప్పి.

పొదుపమ్మ రాసిన ప్రోగ్రాము గాలి ఎటు వీస్తుందో ముందే తెలుసుకుని, వేల రకాల కలయికల్ని వేసి చూసి, ఆరు పెట్టెల్లోనూ పొగ అతి తక్కువగా పడే దారి ఏదో చెప్తుంది. షిఫ్టు వాళ్లు అలా చేస్తే చాలు. పెట్టిన కొద్ది వారాలకే కంట్రోల్ రూము గోడమీద ఎర్రగా మిణుకుమనే ఆరు దీపాలూ పచ్చబడ్డాయి. పచ్చబడి అలాగే ఉండిపోయాయి. పెద్దాయన ఆమెను నెత్తిన పెట్టుకున్నాడు. వేరే రిఫైనరీల వాళ్లు, గాలి తనిఖీ ఆఫీసు వాళ్లు వచ్చి చూస్తామన్నారు. నచ్చితే అన్ని చోట్లా ఇదే పెట్టిస్తారట.

"ఒక్కటి గమనించారా మేడమ్?" అన్నాడు కంట్రోల్ రూములో బోర్డు చూసే మీసాలాయన ఒకరోజు. "పడమటి గాలొస్తే చాలు, మీ ప్రోగ్రాముకు యమా ఆకలి. నల్ల నూనె గటగటా తాగేస్తుంది."

"మీకంటే నయం, అది పని చేస్తూ తాగుతుంది" అంది పొదుపమ్మ. గది గదంతా గొల్లున నవ్వింది. తర్వాత ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు ఒళ్లు జలదరించేది.

ఆమెకు ఒక్కగానొక్క అక్క. రేవులో చేపల వేలం పాడుతుంది. ఆ గొంతు గురించి తెలియాలంటే ఆ రేవు పద్ధతి తెలియాలి. బుట్ట ముందు నిలబడి నిండా ఊపిరి పీల్చి పాట మొదలెట్టాలి. చేతులు లేస్తున్నకొద్దీ ధర పెంచుకుంటూ పోవాలి, మధ్యలో ఊపిరి తీసుకోకూడదు. తీసుకున్నావా, ధర అక్కడే ఆగిపోతుంది, చివరి చెయ్యి ఎవరిదైతే బుట్ట వాళ్లదే. తర్వాత ఎవరు చెయ్యెత్తినా చెల్లదు. ఒకసారి ఒక హోటలాయన పరధ్యానంలో ఉండి, పాట అయ్యాక చెయ్యెత్తి లబోదిబోమన్నాడు. రేవు రేవంతా పగలబడి నవ్వింది తప్ప బుట్ట మాత్రం ఇవ్వలేదు. అంచేత పడవల వాళ్లకు పాడేవాళ్ల గొంతుకంటే ఊపిరి ముఖ్యం. అక్క ఊపిరి పడితే ధర ఆకాశానికి నిచ్చెన వేసుకుని ఎక్కేది. పడవలు దిగీ దిగగానే "పెద్దమ్మాయెక్కడ?" అని ఆమెకోసమే వెతుక్కునేవాళ్లు.

ఆ అక్క మొదట రిఫైనరీ గేటు ఎదురుగా ఉన్న వీధిలో ఉండేది. పొగ ఎక్కువని, ప్రోగ్రాము రాయకముందే, ఇల్లు మార్పించింది పొదుపమ్మే. గాలి పెట్టెల మ్యాపు ముందేసుకుని చూసింది. ఊరంతా ఎరుపూ పసుపూ చుక్కలు. తూర్పున గుట్ట వెనక కొత్తగా లేచిన కాలనీ ఒక్కటే తెల్లగా, కడిగిన ముత్యంలా కనబడింది. "అక్కా, కళ్లు మూసుకుని అక్కడ కొనెయ్. ఊళ్లో అంత మంచి గాలి ఇంకెక్కడా లేదు" అంది. చెల్లెలు ఇంజినీరు కదా, అక్క కళ్లు మూసుకునే కొనేసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం పొదుపమ్మ అక్కగారింటికి భోజనానికి వెళ్లింది. బావ ఫ్యాన్లు బాగుచేస్తాడు, మనుషుల్ని మాత్రం పాడుచేస్తాడని అక్క అంటుంది.

"మరదలా, చేపలు కావాలంటే ఇప్పుడే కొనుక్కో. మీ అక్క దగ్గర ఈమధ్య చవక" అన్నాడు కంచం ముందు కూర్చుంటూ.

అక్క గుడ్లురిమి చూసింది. "ఆయన మాటలకేం గానీ నువ్వు తినవే చిన్నీ" అంది. అంటూనే లేచింది. మాట ఆపకుండా, కనీసం అటు చూడకుండా వెళ్లి కిటికీ రెక్కలు రెండూ లాగి గడియ పెట్టేసి వచ్చింది. అదే సమయంలో పక్కింట్లో టపటపా చప్పుడు. ఎదురింట్లో టపటపా. పై వాటాలో టపటపా. క్షణంలో వీధి వీధంతా కిటికీలు మూసేసుకుంది.

"ఏంటక్కా ఇది? వానొస్తుందా?"

"వానా పాడా. గాలి తిరిగింది. పడమటి గాలొస్తే ఇక్కడ అందరికీ ఇదే పని. అదొచ్చి పోయేదాకా మూసుకు కూర్చోవాలి."

పొదుపమ్మ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

చెయ్యి కడుక్కోకుండానే డాబా మెట్లెక్కింది. తీగ మీది దుప్పట్లు తూర్పుకు ఎగురుతున్నాయి. గుట్ట మీదుగా ఏదో పలచగా జారి వస్తోంది, కంటికి కనబడీ కనబడనట్టు. ముక్కుకు మాత్రం స్పష్టంగా తెలిసింది. అగ్గిపుల్ల గీసిన వాసన. రిఫైనరీ లోపల ఏ మూల ఏ వాసన వస్తే ఏ ఫర్నేసు మండుతోందో చెప్పగల ముక్కు అది. పడమటి గాలి. యమా ఆకలి. గటగటా తాగేస్తుంది.

కిందికి దిగి వంటింట్లోకి వస్తే అక్క గోడకానుకుని నిలబడి ఉంది. చేతిలో ఆయాసానికి నోట్లో కొట్టుకునే మందు డబ్బా. చెల్లెల్ని చూసి గబుక్కున చక్కెర డబ్బా వెనక్కి తోసేసింది, దొంగతనం చేస్తూ పట్టుబడ్డ పిల్లలా.

"ఎన్నాళ్లనుంచి?" అంది పొదుపమ్మ.

"ఏదో కాస్త... చలవ చేసిందేమో."

"చలవా? నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు చూపించిన ఇల్లు కదే" అంది అక్క. "చెప్తే నీ మనసు కష్టపడదూ."

గుట్ట వెనక మ్యాపు తెల్లగా ఎందుకుందో పొదుపమ్మకు అప్పుడు తట్టింది. పెట్టెలు పెట్టిన రోజుల్లో ఆ కాలనీయే లేదు. అక్కడ గాలి మంచిదని ఎవరూ కొలవలేదు. అసలు ఎవరూ కొలవనే లేదు. కొలవని చోటును చూసి శుభ్రమైన చోటనుకుంది, అంత చదువు చదివి.

సోమవారం ఆఫీసు తలుపులు తెరవగానే ప్రోగ్రాము ఇన్నాళ్లూ తీసుకున్న నిర్ణయాలన్నీ గాలి దిక్కు పక్కన పెట్టి చూసింది. గాలి ఊరివైపు వీస్తే ప్రోగ్రాము బుద్ధిగా గ్యాసు మండించింది. గాలి గుట్టవైపు తిరగగానే దాచిపెట్టిన నల్ల నూనె అంతా బయటికి తీసింది. అటు పెట్టె లేదు కదా, అటుపడ్డ పొగ దాని లెక్కలోకే రాదు. పైగా గ్యాసు మిగిల్చినట్టు కూడా అయింది. చిమ్నీలనుంచి వచ్చే మొత్తం పొగ తగ్గలేదు సరికదా, మునుపటికంటే పెరిగింది. చిమ్నీలకు ఒక హద్దుంది గానీ అది ఏనాడో ఉదారంగా పెట్టింది, దాన్ని దాటే పనే పడలేదు.

ప్రోగ్రాము మోసం చెయ్యలేదు. ఆరు పెట్టెల్లో తగ్గించమని అడిగింది, తగ్గించింది. గాలిలో తగ్గించమని ఆమె అడగనే లేదు.

పరుగున పెద్దాయన గదికి వెళ్లింది. ఆయన విన్నాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. మనిషి చెడ్డవాడేం కాదు, కానీ ఏ మంటనైనా తన కుర్చీదాకా వచ్చాకే చూస్తాడు.

"ఇంతోటిదానికి అంత కంగారెందుకమ్మా? స్టోర్సులో అదనపు పెట్టె ఒకటి పడుంది. తీసుకెళ్లి మీ అక్కగారి డాబా మీదే పెట్టించు. ఆరు ఉన్నచోట ఏడంటావు. మీ ప్రోగ్రాముకు ఏడో పెట్టె ఒక బరువా?"

ఎగిరి గంతేసింది పొదుపమ్మ. నిజం చెప్పొద్దూ, ఆ పూట ఆమెకు అక్క డాబా తప్ప లోకంలో ఇంకేం కనబడలేదు. సాయంత్రానికల్లా పెట్టె డాబా ఎక్కింది, ప్రోగ్రాములో ఒక వరుస చేరింది. ఏడు దీపాలూ పచ్చగా వెలిగాయి. తర్వాత పడమటి గాలి వీచినప్పుడు బావ ఫోను చేశాడు. "మరదలా, ఏం మంత్రం వేశావ్? వీధంతా కిటికీలు బార్లా తెరుచుకుని కూర్చుంది. ఎదురింటావిడ ఇన్నాళ్లకు మొహం చూపించింది, ఇంత అందగత్తె అనుకోలేదు!" వెనకనుంచి అక్క తిట్లు వినబడ్డాయి. ఆ తిట్లు విని పొదుపమ్మ కడుపు నిండా నవ్వుకుంది. చిమ్నీల మొత్తం పొగ ఎంతైందో మళ్లీ చూడాలని మాత్రం తోచలేదు.

తనిఖీ వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే రేవుకు వెళ్లింది. అక్క పాట విని, ఆ ఉత్సాహంతో ఆఫీసుకు పోదామని. పడవలు అప్పుడే ఒడ్డుకు చేరాయి. ఉత్తరపు గాలి మెడ వెనక చల్లగా తగులుతోంది. అక్క పెద్ద బుట్ట ముందు నిలబడింది. చెంగు బిగించి నిండా ఊపిరి పీల్చింది. పాట ఎత్తుకుంది.

మొదట్లో పాత అక్కే. చేతులు లేస్తున్నాయి, ధర ఎక్కుతోంది, మధ్యలో కొనేవాళ్ల బట్టతలల మీదా బొజ్జల మీదా చతుర్లు. పొదుపమ్మ మొహం వెలిగింది. అంతలో గొంతు సన్నబడింది. అక్క మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు పెద్దవయ్యాయి. ఇంకా మూడు చేతులు గాల్లో ఉండగానే ఊపిరి తెగింది. ఈల వేసినట్టు శబ్దం చేస్తూ గాలి లోపలికి పోయింది.

ధర ఆగిపోయింది.

"ఏం పెద్దమ్మాయ్, ఇవ్వాళ కూడానా?" అన్నాడు పడవ యజమాని. కోపంగా కాదు, జాలిగా. రెండో బుట్టను మారుమాట లేకుండా పక్కన పాడే ఆయన ముందుకు జరిపించాడు. ఆయన పాట మొదలెట్టి నాలుగు మాటలు అన్నాడో లేదో దగ్గు తెర కమ్మింది. చుట్టూ చూస్తే కొనేవాళ్లు దగ్గుతున్నారు, ఐసు కొట్టేవాళ్లు తువ్వాళ్లు ముక్కుకు కట్టుకున్నారు. అప్పుడు తగిలింది పొదుపమ్మ ముక్కుకు.

అగ్గిపుల్ల గీసిన వాసన.

రేవు రిఫైనరీకి దక్షిణాన. వీస్తున్నది ఉత్తరపు గాలి. ఇక్కడ పెట్టె లేదు. అక్క ఇంటినుంచి తరిమిన పొగ అక్క కంటే ముందు వచ్చి అక్క పనిచేసే చోట కూర్చుంది.

"ఇక్కడెప్పటినుంచి ఈ వాసన?" అంది పొదుపమ్మ, అక్క చెయ్యి పట్టుకుని ఖాళీ ఐసు పెట్టెల మీద కూర్చోబెట్టి.

"ఇంటి దగ్గర తగ్గినప్పటినుంచీ. వింత కదూ? ఇంటి దగ్గర హాయిగా పడుకుంటున్నా, ఇక్కడికొచ్చేసరికి..." అక్క ఆగి ఊపిరి తీసుకుంది. "ఏమైందే? మొహమలా పాలిపోయిందేం?"

"అక్కా, ఆ పొగ నీ మీదికి పంపింది నేనే."

ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆరు పెట్టెలు, గుట్ట, ఏడో పెట్టె, ఇప్పుడీ రేవు. రేవు మొత్తం మీద నోటికి తాళం లేని మనిషి అక్క. ఆ మనిషి చెల్లెలి మొహంలోకి చూస్తూ ఒక్క ముక్క మాట్లాడలేదు.

"తిట్టవే. చెంప పగలగొట్టు."

"ఎనిమిదో పెట్టె ఇక్కడ పెడితే?" అంది అక్క చివరికి.

"ఇంకో చోటికి పోతుంది. ఎక్కడ కొలవరో అక్కడికి."

"మరి దాన్ని అడగాల్సిందేంటే?"

"చిమ్నీలోంచి వచ్చేదే తగ్గించమని."

"నాకు లెక్కలు రావు చిన్నీ, కానీ..." అక్క చెంగుతో మొహం తుడుచుకుంది. "ఆ ముక్క ముందే అడగొచ్చుగా?"

కంట్రోల్ రూము ఆ మధ్యాహ్నం కిటకిటలాడింది. బయటి రిఫైనరీల వాళ్లు గోడమీది ఏడు పచ్చదీపాల్నీ చూసి ముక్కున వేలేసుకున్నారు. పెద్దాయన మొహం చాటంత చేసుకుని తనిఖీ ఆఫీసరమ్మకు దగ్గరుండి చూపించాడు. ఆవిడ పొదుపమ్మ వైపు తిరిగింది.

"బాగుందమ్మా. మొత్తం మీద పొగ ఎంత తగ్గింది?"

"తగ్గలేదండీ" అంది పొదుపమ్మ. "పెరిగింది."

పెద్దాయన నవ్వు మొహానికి అలాగే అంటుకుపోయింది. "ఆ అమ్మాయి ఉద్దేశం ఏంటంటే..." అని అందుకోబోయాడు.

"నా ఉద్దేశం అదే సార్." తెర మీద మ్యాపు పెట్టింది. పొగ ఏ గాలికి ఎటు పోయిందో గీసి చూపించింది. ఊరి పెట్టెల్ని చక్కగా తప్పించుకుంటూ గుట్ట వెనక్కీ, అక్కడ పెట్టె రాగానే రేవు మీదికీ. తర్వాత అందరి ముందే ఏడు పెట్టెల వరుసలూ కొట్టేసి, చిమ్నీల మొత్తం పొగ తగ్గించమన్న ఒక్క వరుస రాసి, మళ్లీ నడిపించింది. జవాబు రావడానికి చిటికె పట్టింది. నల్ల నూనె అన్ని ఫర్నేసుల్లోనూ బంద్. గ్యాసు చాలదు కనుక పాత యూనిట్ ఒకటి ఆపేయాలి.

"కొంప ముంచావమ్మా" అన్నాడు పెద్దాయన గొంతు తగ్గించి. "పాత యూనిట్ ఆపితే పైవాళ్లకు నేనేం చెప్పుకోను? ఇదంతా నిన్నెవరడిగారు?"

"మా అక్క అడిగింది సార్."

ఆఫీసరమ్మ మ్యాపులోని తెల్లటి చోట్ల వైపు చాలాసేపు చూసింది. ఆవిడ మొహమూ మాడిపోయింది, పచ్చదీపాల లెక్కలు చూసి అన్నాళ్లూ సంతకాలు పెట్టింది ఆవిడే మరి. "మేం తేల్చేదాకా నల్ల నూనె ముట్టుకోవద్దు" అంది పెద్దాయనతో. బయటివాళ్లు ఒక్కొక్కరే తమ ఊళ్లకు ఫోన్లు కలపడం మొదలెట్టారు. మీసాలాయన ఎవరూ చెప్పకముందే లేచి వాల్వులు మూయించే పనిలో పడ్డాడు. పోతూ పోతూ పొదుపమ్మ పక్కన ఒక్క క్షణం ఆగాడు. "ఆకలి అని నవ్వాం కదా మేడమ్" అన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

కొన్నాళ్లకు మళ్లీ ఉత్తరపు గాలి వీచింది. పొదుపమ్మ పొద్దున్నే రేవులో ఉంది. ముక్కు ఎగబీల్చి చూసింది. ఉప్పు, తడి తాళ్లు, చేపలు. అంతే. అగ్గిపుల్ల వాసన మచ్చుకు కూడా లేదు. ఐసు కొట్టేవాళ్ల ముక్కుల మీద తువ్వాళ్లు లేవు. ఒక్కరూ దగ్గడం లేదు.

పడవ యజమాని పాత అభిమానం కొద్దీ పెద్ద బుట్ట తెచ్చి అక్క ముందే పెట్టాడు. "గాలి బాగుపడిందిగా. పాడు పెద్దమ్మాయ్, నీ తడాఖా చూద్దాం!"

అక్క చెల్లెలి వైపు చూసి కన్ను గీటింది. నిండా ఊపిరి పీల్చింది. పాట ఎత్తుకుంది. చేతులు లేచాయి, ధర ఎక్కింది, చతుర్లు పేలాయి. పొదుపమ్మ తెలియకుండానే తనూ ఊపిరి బిగబట్టింది. ఇంకొంచెం అక్కా, ఇంకొక్క మెట్టు. గాలి శుభ్రంగా ఉంది, వాసన లేదు, దగ్గు లేదు.

అక్క గొంతు సన్నబడింది. మెడ నరాలు ఉబ్బాయి. మొన్న తెగినచోటే, సరిగ్గా అదే ధర దగ్గర, ఊపిరి తెగింది. ఈల శబ్దంతో గాలి లోపలికి పోయింది.

ప్రోగ్రాములో వరుస మార్చడానికి చిటికె పట్టింది. లోపల చెడింది లోపలే ఉండిపోతుందని పొదుపమ్మకు అప్పటిదాకా తట్టనే లేదు. ఏం చేస్తున్నదీ తెలియకుండా చెయ్యి పైకెత్తేసింది. ధర పెంచితే అక్క పాట ఇంకా సాగుతుందన్నట్టు, ఎత్తిన చెయ్యి దించకుండా అలాగే నిలబడింది.

రేవు రేవంతా పగలబడి నవ్వింది.

"ఊపిరి అయిపోయాక చెయ్యెత్తితే ఏం లాభం అమ్మాయీ!" అని అరిచాడు ఎవరో వెనకనుంచి.

నవ్వనిది అక్క ఒక్కతే. ఆయాసపడుతూనే నడిచి వచ్చి, చెల్లెలి చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించింది.